సెల్లార్‌లో కవితలు, ప్లేట్ల మీద బొమ్మలు, గోడ మీద బుడమేరు

మన ఊళ్లో కొందరు కలిసి ఒక సెల్లార్‌లో కవితలు, బొమ్మలు, వీడియోలతో ఒక సాయంత్రం పెడితే టికెట్ కొనుక్కుని వెళ్లొచ్చాను. ముందే చెప్పేస్తాను: వంద రూపాయలకు బాగానే ఉంది, మళ్లీ పెడితే మళ్లీ వెళ్తాను. ఎలా జరిగిందని మా షాపుకొచ్చేవాళ్లలో చాలామంది అడిగారు. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక ఇక్కడ రాసేస్తున్నాను. పొగడ్తలు మాత్రమే కావాలనుకునేవాళ్లు ఇక్కడితో ఆపేయొచ్చు.

నేను విజయవాడ గవర్నర్‌పేటలో డీటీపీ చేస్తాను, అంటే కంప్యూటర్లో టైపు కొట్టి పేజీలు అచ్చుకు సిద్ధం చేసే పని. ఇరవై ఏళ్లు దాటింది. కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, ఇంటర్ గైడ్లు, వాటితో పాటు కవిత్వం. కవిత్వం అంటే సొంత డబ్బుతో వేసుకునే పుస్తకాలు: 1/8 డెమీ సైజు, ఆరు ఫారాలు (ఫారం అంటే పదహారు పేజీలు), 500 కాపీలు, మల్టీకలర్ కవరు, వెనక అట్ట మీద గడ్డం కింద చెయ్యి పెట్టుకున్న కవిగారి ఫోటో. ఈ ఊళ్లో చాలామంది కవులకు తొలి పాఠకురాలిని నేనే. ఇష్టపడి చదవక్కర్లేదు, కొట్టాలి కాబట్టి చదువుతాను. ప్రూఫులు దిద్దేటప్పుడు ఇంకోసారి చదువుతాను. అందుకే కవిత్వం అంటే నాకు భక్తీ లేదు, విసుగూ లేదు. పని.

ఈ కార్యక్రమం పెట్టినవాళ్లు తమను అండర్‌గ్రౌండ్ ఆర్టిస్టులు అని చెప్పుకుంటారు. పత్రికలకు పంపరు, అవార్డులకు పెట్టరు, ముందుమాటల కోసం పెద్దవాళ్ల ఇళ్ల చుట్టూ తిరగరు. జిరాక్స్ చేసి పంచుకుంటారు, ఫోన్లో తీసి ఫోన్లోనే చూపించుకుంటారు. దాదాపు అందరూ మన ఊరివాళ్లే. కొందరు సింగ్‌నగర్, కొందరు భవానీపురం, ఒకరిద్దరు గుడివాడ, నూజివీడు వైపు నుంచి బస్సెక్కి వచ్చారు. వాళ్లలో ఒకబ్బాయి మా షాపులో పోస్టరు కొట్టించుకున్నాడు. ఏ4లో నలుపు తెలుపు, ఎవరి పేరూ లేదు. ముఖ్య అతిథి పేరు ఎక్కడ పెట్టాలి నాన్నా అని అలవాటుగా అడిగాను. అలాంటివాళ్లెవరూ లేరక్కా అన్నాడు. వెళ్లాలని అప్పుడే అనుకున్నాను.

ఏలూరు రోడ్డు మీంచి లోపలికి పోయే సందులో ఒక పాత కాంప్లెక్స్ సెల్లార్. మామూలు రోజుల్లో బైకులు పెట్టుకునే చోటు. ఆ శనివారం సాయంత్రం బైకులన్నీ ఒక పక్కకు నెట్టి, నేల కడిగి, జంపఖానాలు పరిచారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్ల కోసం వెనక రెండు వరసల ప్లాస్టిక్ కుర్చీలు. కడిగినా ఇంజన్ ఆయిల్ వాసన పోలేదు. డిసెంబర్ కాబట్టి సరిపోయింది గానీ మే నెలలో అక్కడ మనుషులు కూర్చోలేరు. గాలి కోసం పెద్ద స్టాండు ఫ్యాను పెట్టారు. అది తిరిగితే మైకులో హోరు, ఆపితే దోమలు. కాసేపు తిప్పి, కాసేపు ఆపి, చివరికి మైకే తీసి పక్కన పెట్టారు. అది మంచిదైంది. నిజంగా వినిపించాలనుకున్నవాళ్లు గొంతెత్తారు, వినాలనుకున్నవాళ్లు ముందుకు జరిగారు.

ఆరింటికి అని వేశారు, ఏడింటికి మొదలైంది. ఈ ఒక్క విషయంలో మాత్రం సంప్రదాయం పాటించారు.

వేదిక లేదు. ఆవిష్కరణ సభలకు వెళ్లేవాళ్లకు ఈ మాట విలువ తెలుస్తుంది. మన సభల్లో అధ్యక్షులు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి, పుస్తక పరిచయకర్త, వందన సమర్పణ, వీళ్లందరి మధ్యా శాలువాలు, మెమెంటోలు. కవిగారి వంతు వచ్చేసరికి హాలు వాళ్లు లైట్లు ఆపడానికి రెడీగా ఉంటారు. కవి ఒక్క కవిత చదివి, సమయాభావం అని కూర్చుంటాడు. నేను కొట్టిన పుస్తకాల ఆవిష్కరణలకు పిలిస్తే వెళ్తుంటాను. కవిత్వం వినపడటం తక్కువ, కవి గురించి వినపడటం ఎక్కువ. ఇక్కడ ఒక్కొక్కరికి ఏడు నిమిషాలు. ఒకమ్మాయి చేతిలో సైకిల్ బెల్లు పట్టుకుని కూర్చుంది. ఏడు కాగానే కొట్టేసేది, ఎవరైనా సరే. ఆ అమ్మాయిని ఊళ్లోని అన్ని సభలకూ అద్దెకు పంపాలి.

మొదట్లో మాత్రం ఒక పని చేశారు. కాంప్లెక్స్ వాచ్‌మన్‌ని పిలిచి ఆయన చేత లైటు వేయించారు, అదే ప్రారంభం అన్నారు. ఇది ఎక్కడ నుంచి వచ్చిందో తెలుగు చదివేవాళ్లకు తెలుసు. అరవైల్లో తిరుగుబాటు కవిత్వం రాసిన దిగంబర కవులు తమ మొదటి సంపుటిని 1965లో హైదరాబాద్‌లో రిక్షా తొక్కే నాంపల్లి పాండు చేత అర్ధరాత్రి ఆవిష్కరింపజేశారు. రెండోది మన విజయవాడలోనే, 1966 డిసెంబర్లో, హోటల్లో పనిచేసే జంగాల చిట్టి చేతుల మీదుగా. మూడోది 1968లో విశాఖలో ఒక యాచకురాలు విడుదల చేసింది. నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న, ఈ ఆరుగురు సొంత పేర్లు వదిలేసి కొత్త పేర్లు పెట్టుకుని మరీ సమాజాన్ని తిట్టారు. అప్పట్లో పెద్దలకు అది గొంతులో ముల్లు. అంతటి పని చేసిన ఊళ్లో అదే పద్ధతిని మళ్లీ పట్టుకోవడం తప్పేమీ కాదు. కానీ లైటు వేసిన తర్వాత ఆ వాచ్‌మన్‌కి ఎవరూ కుర్చీ వేయలేదు. ఆయన మెట్ల మీద నిలబడి కాసేపు చూసి పైకి వెళ్లిపోయాడు. గౌరవం లైటు స్విచ్ దగ్గరే ఆగిపోతే శాలువా కప్పడానికీ దానికీ పెద్ద తేడా ఏముందండీ?

ఇక చదివినవి. పదిమంది దాకా చదివారు. అందరి గురించీ రాయను.

నాకు బాగా నచ్చింది ఒక ఆర్టీసీ కండక్టరు. యాభై దాటి ఉంటాయి, డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టున్నాడు, చొక్కా జేబులో పెన్ను, మెడలో తువ్వాలు. ఆయన చదివింది కవితో కథో ఆయనకే తెలియదన్నాడు. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకు బస్సు ఉచితం కదా. టికెట్ మాత్రం కొట్టాలి, ధర దగ్గర సున్నా పడుతుంది. ఆయన రాసింది ఆ సున్నా టికెట్ల గురించి. ఎక్కడికమ్మా అని అడిగితే ఒక్కొక్కరూ ఏమంటారో అంతే, వరసగా చెప్పుకుంటూ పోయాడు. ఊరి పేరు చెప్పేవాళ్లు తక్కువ. కూతురు పురిటికొచ్చిందని ఒకామె, పెద్దాసుపత్రిలో రిపోర్టు ఇస్తామన్నారని ఒకామె, ఆధార్ కార్డు బ్యాగులో అడుగున ఉందని వెతుక్కుంటూ కూరగాయలన్నీ సీటు మీద పోసిన ఇంకొకామె. మధ్యలో ఒక ముసలమ్మ ఉంది. ఆమెకు వెళ్లాల్సిన చోటు ఏదీ లేదు, బస్టాండు దాకా వెళ్లి మళ్లీ అదే బస్సులో వెనక్కి వస్తుంది. కండక్టరు ఆమెకు రెండు టికెట్లు కొడతాడు, రెండూ సున్నావే. ఇక్కడ జనం నవ్వారు, కొందరు నవ్వి ఆపేశారు. ఆయన పథకాన్ని మెచ్చుకోలేదు, తిట్టలేదు. బస్సు కిక్కిరిసిపోయి తన నడుం విరుగుతోందని కూడా చెప్పాడు, అదీ నవ్వుతూనే. ఉపమానం ఒక్కటి లేదు. బెల్లు మోగితే వాక్యం మధ్యలో ఆపేసి, స్టాపు వచ్చిందని దిగిపోయాడు. ఇరవై ఏళ్లలో నేను కొట్టిన పుస్తకాల్లో ఇలాంటిది పది పేజీలు కూడా ఉండవు. పుస్తకం వేద్దామంటే ఆయన వద్దంటాడని పక్కనున్నవాళ్లు చెప్పారు. వద్దంటేనే మంచిదేమో. పుస్తకం అనగానే మనిషి గ్రాంథికంలోకి దిగుతాడు.

తర్వాత ఒకమ్మాయి. రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ చదివి బయటపడింది, ఇప్పుడు డిగ్రీ. విజయవాడలో ఉంటూ ఆ హాస్టళ్ల గురించి తెలియనివాళ్లు ఉండరు కదా. ఆ అమ్మాయి హాస్టల్ గురించి ఒక్క విశేషణం వాడలేదు. ఒక రోజు టైంటేబుల్ చదివింది. పొద్దున స్టడీ అవర్, టిఫిను, క్లాసు, స్టడీ అవర్, భోజనం, క్లాసు, స్నాక్స్, స్టడీ అవర్. ప్రతి రెండు లైన్లకూ వారం పరీక్ష మార్కులు, ఆ మార్కుల్ని బట్టి మారిన సెక్షను. సెక్షను మారినప్పుడల్లా పక్క మంచం మీది అమ్మాయి మారుతుంది. ఆ అమ్మాయి పేరు లేదు, రోల్ నంబరే. ఒక వారం ఒక నంబరు రాదు. టైంటేబుల్ మాత్రం అలాగే సాగుతుంది. అదే గొంతుతో, ఆగకుండా. ఏమైందో చెప్పలేదు, చెప్పనక్కర్లేదు. నా పక్కన కూర్చున్న పెద్దావిడ, వాళ్ల మనవరాలు కూడా ఇంటర్‌లోనే ఉందట, పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంటర్ గైడ్లు కొట్టి బతికే నాకు కూడా కాసేపు ఇబ్బందిగానే ఉంది.

బైండింగ్ గురించి ఒక కథ చదివారు. రాసినామె బైండరు ఇంటి కోడలు. ఫారాలు మడత పెట్టే ఆడవాళ్ల గురించి ఇంత వివరంగా ఎవరూ రాయగా నేను చూడలేదు. ప్రెస్సు నుంచి వచ్చిన షీటును మూడుసార్లు మడిస్తే పదహారు పేజీల ఫారం అవుతుంది. వెయ్యి ఫారాలకు ఇంత అని కూలి. మడత మీద స్కేలు ముక్కతో గీకి గీకి బొటనవేలు పక్కన కాయ కాస్తుంది. ఆ కాయను కథలో పెళ్లిచూపుల దగ్గర వాడుకుంది, పిల్ల చేతులు ఎలా ఉన్నాయని అడుగుతారు. కథ అక్కడ ఆగితే చాలు. ఆగలేదు. ఇంకో మూడు పేజీలు నడిచింది, మంచివాడైన ఒక మేనేజరు వచ్చాడు, ఉపన్యాసం వచ్చింది. ఈ ఒక్కసారి బెల్లు కొట్టే అమ్మాయి మొహమాటపడింది గానీ నేనైతే ముందే కొట్టేదాన్ని.

భవానీ మాలలో ఉన్న ఒక కుర్రాడు ఎర్రబట్టల్లోనే వచ్చి నిరుద్యోగం మీద చాలా కోపంగా చదివాడు. చదివే ముందు చెప్పులు లేని కాళ్లు కింద చూసుకుని, ఈ బట్టల్లో తిట్టకూడదు గానీ తప్పట్లేదు స్వామీ అన్నాడు. కవిత కంటే ఆ మాటే బాగుంది. ఇంకో కుర్రాడు మాత్రం, యూట్యూబ్‌లో చూసి నేర్చుకున్నట్టున్నాడు, రెండు చేతులూ గాల్లో తిప్పుతూ ప్రతి వాక్యం చివర ఆగి, మన మొహాల్లోకి చూసి, తర్వాతి వాక్యం అరిచాడు. కాగితం మీద పెడితే అది ఎలా ఉంటుందో నాకు కళ్లకు కట్టినట్టు కనిపించింది: లైనుకు రెండు మాటలు, ఆరు చుక్కలు, మూడు ఆశ్చర్యార్థకాలు. ఇలాంటివి వస్తే నేను చుక్కలు మూడుకు తగ్గించి కొడతాను, ఇంతవరకూ ఏ కవీ గమనించలేదు.

విరామంలో టీ, పునుగులు. వంద రూపాయల్లోనే అవి కూడా. పునుగులు వేడిగా, కరకరలాడుతూ, అల్లం పచ్చడితో. మాల వేసుకున్న అబ్బాయి ఉల్లిపాయలున్నాయేమోనని తినలేదు. అతని కోసం ఎవరో అరటిపళ్లు తెచ్చారు. టీ మాత్రం నీళ్లలా ఉంది. కాగితం కప్పులు అయిపోతే మా టీ కొట్టాయన గాజు గ్లాసులు అరువు ఇచ్చాడు.

బొమ్మలు విరామంలోనే చూడాలి, ఎందుకంటే ఆ తర్వాత వీడియోల కోసం లైట్లు తీసేస్తారు. ఇది ఏర్పాటులో లోపం. పావుగంటలో టీ తాగాలి, పునుగులు తినాలి, జిడ్డు చేతులతో బొమ్మల దగ్గరికి వెళ్లాలి. నేను టీ వదిలేశాను.

గోడలకు దాదాపు ముప్పై బొమ్మలున్నాయి. సగం చూడకపోయినా నష్టం లేదు. దుర్గ గుడి ఫ్లైఓవరు వాటర్ కలర్లు, ప్రకాశం బ్యారేజీ మీద సూర్యాస్తమయం, కన్నీటి చుక్కలో కనిపించే భూగోళం. కన్నీటి చుక్కలో భూగోళం నేను కనీసం డజను కవర్ల మీద వేసి ఉంటాను. అండర్‌గ్రౌండ్‌లో కూడా దాన్ని చూడాల్సొస్తుందని అనుకోలేదు. ఎన్నికల ఫ్లెక్సు వెనకవైపు తెల్లటి భాగం మీద పెద్ద బొమ్మ ఒకటి వేశారు, బందరు కాలవ ఒడ్డున బట్టలుతికేవాళ్లది. అది బాగుంది. లైటు వెనక నుంచి పడ్డప్పుడు నాయకుడి పళ్లు నీళ్లలోంచి కనిపిస్తున్నాయి. కావాలని చేశాడో లేదో అడిగితే ఆ అబ్బాయి నవ్వి ఊరుకున్నాడు.

అసలు చూడాల్సినవి ఆఫ్‌సెట్ ప్లేట్ల మీద వేసినవి. ఎనిమిదో తొమ్మిదో ఉన్నాయి, మెట్ల కింద వరసగా. ప్రింటింగ్ తెలియనివాళ్ల కోసం చెప్తాను. ఆఫ్‌సెట్‌లో అచ్చు వేయడానికి పల్చటి అల్యూమినియం ప్లేటు వాడతారు. పాత సీసం అక్షరాలు అద్దంలోలా తిరగేసి ఉండేవి. ఆఫ్‌సెట్ ప్లేటు మీద అక్షరం తిన్నగా ఉంటుంది, ఎందుకంటే అది ముందు రబ్బరు బ్లాంకెట్ మీద పడి, అక్కడ తిరగబడి, కాగితం మీదికి మళ్లీ తిన్నగా వస్తుంది. పని అయిపోయాక ప్లేట్లు పాత సామాను వాడికి కిలోల లెక్కన పోతాయి. ఈ అబ్బాయి గవర్నర్‌పేట ప్రెస్సుల దగ్గర వాటిని కొనుక్కుని వాటి మీద బొమ్మలు వేస్తున్నాడు.

ప్లేటు మీది అక్షరాలను పూర్తిగా కప్పెయ్యలేదు. ఒకదాని మీద కెమిస్ట్రీ బిట్లు, నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోమనేవి, మధ్యలో నిద్రపోతున్న పిల్ల మొహం. జుట్టు ఉన్నచోట రంగు వేయలేదు, బిట్లనే వదిలేశాడు. చదివితే జుట్టులోంచి ప్రశ్నలు వస్తాయి. హాస్టల్ అమ్మాయి చదివింది విని దీని ముందుకొస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఇద్దరూ మాట్లాడుకుని చేశారా అని అడిగాను. ఆ రోజే మొదటిసారి కలిశారట. ఇంకోదాని మీద ఎవరివో పెళ్లి పత్రికలు, ఒకే ప్లేటు మీద ఎనిమిది వేసి ఉన్నాయి. వాటి మీద మడతలు పెట్టిన చేతులు, కేవలం గీతలతో, మేకుతో గీకినవి. గీకినచోట లోహం మెరుస్తుంది. ఈ ప్లేట్లకు ఒకవైపు నీళ్లు నిలవడానికని సన్నటి గరుకు ఉంటుంది, అందుకే రంగు పట్టుకుంటుంది. రెండో వైపు నున్నగా ఉంటుంది. రెండు బొమ్మలు నున్నటి వైపు వేశాడు. అప్పుడే అంచుల దగ్గర ఎనామెల్ పొర లేస్తోంది. అల్యూమినియానికి వేసే ప్రైమరు కొట్టకుండా వేస్తే ఆరు నెలల్లో ఊడిపోతుంది బాబూ అని చెప్పాను. ఊడిపోతే పోనీ ఆంటీ, అదీ బొమ్మలో భాగమే అన్నాడు. మూడు వేలు పెట్టి కొనుక్కునేవాళ్లకు ఆ సంగతి ముందే చెప్పాలి మరి. ధరలు వెయ్యిన్నర నుంచి ఆరు వేల దాకా ఉన్నాయి. అంచులు కోసుకుపోతాయి, పిల్లలున్న ఇంట్లో ఫ్రేము కట్టించకుండా పెట్టకండి.

వీడియోల దగ్గరికొచ్చేసరికి తొమ్మిది దాటింది. దుప్పటి కట్టి ప్రొజెక్టరు పెట్టారు. మొదట వేసింది పద్నాలుగు నిమిషాల రీల్స్ కలగలుపు. బెజవాడ ట్రాఫిక్, ఎండ, మొబైల్ షాపులు, ఒకే పాట ముక్క మళ్లీ మళ్లీ. ఈ ఊరి రద్దీని చూపించాలని ఉద్దేశమట. ఈ ఊరి రద్దీలోంచే కదా మేం అక్కడికి వచ్చింది! మూడు నిమిషాలకు జనం ఫోన్లు తీశారు. రెండోది ఏలూరు కాలవలో తేలుతున్న ప్లాస్టిక్ మీద, చిన్నది, పర్వాలేదు. ఈలోగా సిటీ బస్సులు అయిపోతాయని సగం మంది లేచారు. మూడోది వేసేటప్పటికి జంపఖానాల మీద పాతికమంది మిగిలారు. ఆ సాయంత్రం మొత్తానికి అందరూ ఉండి చూడాల్సింది అదే.

అది బుడమేరు వాగు వరద గురించి. 2024 సెప్టెంబర్ 1 గుర్తుంది కదా. కవులూరు దగ్గర డైవర్షన్ కాలవకు గండ్లు పడి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం మునిగిపోయాయి. మర్నాడు ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు, అంతకు ముందెప్పుడూ రానంత. అందరూ కృష్ణ వైపు చూస్తుంటే ఇళ్లు ముంచింది మాత్రం బుడమేరు. హెలికాప్టర్లు, డ్రోన్లు అన్నం పొట్లాలు వేసిన వీడియోలు దేశమంతా చూసింది. ఇందులో అవేవీ లేవు. పడవ లేదు, ఏడుపు లేదు, నీళ్లే లేవు. వరద పోయిన నెలలకు సింగ్‌నగర్ ఇళ్లలోకి వెళ్లి గోడ మీద నీటి గీత ఒక్కటే తీశారు. ప్రతి ఇంట్లో ఒకరు గోడ పక్కన నిలబడి ఆ గీత మీద చెయ్యి పెడతారు. ఒకాయనకు అది ఛాతీ దగ్గర. ఆయన పక్కనే భార్య, ఆమెకు గడ్డం దగ్గర. ఒక పిల్లాడు స్టూలు ఎక్కి అందుకుంటాడు. ఒక ఇంట్లో కొత్తగా సున్నం వేయించారు, గీత కనపడదు, అయినా ఇంటావిడ చెయ్యి తిన్నగా వెళ్లి ఒకచోట ఆగుతుంది. పదకొండు నిమిషాలు ఇంతే. మాటలు లేవు. ఇంట్లో ఫ్యాను చప్పుడు, కుక్కరు విజిలు, పక్కింటి టీవీ సీరియల్.

నాకు తెలిసిన ఒక బైండరు ఇల్లు అక్కడే. మడత పెట్టి కుట్టుకు సిద్ధంగా ఉన్న ఫారాలు ఆ నీళ్లలో ఉబ్బిపోయి, ఎండాక ఒకదానికొకటి అతుక్కుని గట్టిపడితే, చివరికి తూకానికి కూడా ఎవరూ తీసుకోలేదు. వాటిలో నేను కొట్టిన ఒక పుస్తకం కూడా ఉంది. అందుకే ఆ వీడియో నన్ను పట్టుకుందని ఎవరైనా అంటే కావచ్చు. కానీ నా వెనక కూర్చున్న గుంటూరు అబ్బాయికి బుడమేరుతో ఏ సంబంధమూ లేదు, అతనూ కదల్లేదు. దీన్ని తీసినవాళ్లు ఏం వదిలెయ్యాలో ముందే తేల్చుకున్నారు. మిగతా రెండు వీడియోలవాళ్లు తీసిందంతా పెట్టారు. తేడా అంతే. సభలు, శాలువాలు వద్దనుకోవడం బాగుంది. ఎడిటింగ్ కూడా సభలవాళ్ల అలవాటే అనుకుని దాన్నీ వదిలేస్తే ఎలా? కండక్టరుకు, హాస్టల్ అమ్మాయికి, ఈ బుడమేరు వాళ్లకు ఎవరూ చెప్పకుండానే కోత తెలుసు. తెలియనివాళ్లకు చెప్పే మనిషి ఒకరు ఆ గుంపులో ఉండాలి. చూస్తే లేనట్టుంది. ఎవరు ఏం తెచ్చినా అందరూ బాగుంది బ్రో అంటున్నారు.

వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర చిన్న పుస్తకం అమ్మారు, యాభై రూపాయలు, జిరాక్స్, సెంటర్ పిన్ను, అంటే మధ్య మడత మీద కొట్టే పిన్ను. ఇక్కడ నేను ఊరుకోలేను. 22 పేజీలు. సెంటర్ పిన్ను కొట్టే పుస్తకం నాలుగు చొప్పున పెరగాలి, 20 గానీ 24 గానీ. వీళ్లు 20కి పిన్ను కొట్టి మిగిలిన కాగితాన్ని గమ్ముతో అతికించారు. బస్సెక్కేలోపు ఆ కాగితం నా చేతికొచ్చింది. దాని మీదే హాస్టల్ అమ్మాయి కవిత. ఒత్తులన్నీ విడిపోయి ఉన్నాయి, క్లాసుకు లావత్తు రావాల్సిన చోట పొల్లు, పక్కన విడిగా లా. ఇది టైపు చేసినవాళ్ల తప్పు కాదు. యూనికోడ్ తెలుగును, అంటే ఫోన్లో టైపు చేసే తెలుగును, పేజీలు కట్టే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో అతికిస్తే ఇలాగే అవుతుంది. ఇన్‌డిజైన్‌లో (దాని తర్వాత వచ్చిన సాఫ్ట్‌వేర్) అయితే వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగు పెట్టుకుంటే ఒత్తులు నిలబడతాయి. సిలికానాంధ్ర వాళ్లు ఉచితంగా ఇచ్చిన యూనికోడ్ ఫాంట్లు బోలెడున్నాయి, వాటిలో మండలి అనే ఫాంటు పెట్టుకున్నా చక్కగా ఉంటుంది. అర్థానికీ అర్ధానికీ తేడా లేకుండా నాలుగు చోట్ల పడింది. కండక్టరుగారిది వేయలేదు, ఆయనే ఒప్పుకోలేదట. కవరు మీది బొమ్మ మాత్రం బాగుంది, ప్లేటు అబ్బాయిదే.

కొన్ని పనికొచ్చే సంగతులు. బాత్‌రూము పై అంతస్తులో ఉంది, తాళం వాచ్‌మన్ దగ్గర. ఆడవాళ్లు ముందే అడిగి పెట్టుకోండి. విద్యార్థులకు టికెట్ లేదు, ఐడీ కార్డు కూడా అడగలేదు. స్కాన్ చేసి కట్టొచ్చు, నగదు ఇస్తే చిల్లర ఉండదు. చిన్నపిల్లల్ని తేవచ్చు గానీ రెండు మూడు కవితల్లో బూతులున్నాయి, అవి ఊరికే వేసినవి కూడా కాదు. వయసు పైబడినవాళ్లు వెనక కుర్చీల కోసం ఏడుకల్లా వెళ్లాలి. కార్లు ఆ సందులోకి పోవు.

తర్వాతిది జనవరిలో పుస్తక మహోత్సవం అయిపోయాక, సంక్రాంతి దాటిన వారం అంటున్నారు. చోటు ఇదే ఉంటుందో లేదో తెలియదు, పైన షాపులవాళ్లు బైకులు ఎక్కడ పెట్టుకోవాలని గొడవ పడ్డారు. ఎక్కడైనా సరే, బుడమేరు వీడియో మళ్లీ వేస్తామన్నారు. ఈసారి దాన్ని ముందు వేయమని, బొమ్మల దగ్గర అరగంట లైట్లు ఉంచమని మీరు కూడా అడగండి. నేను అడిగాను, సరే అక్కా అన్నారు. పుస్తకం ప్రూఫులు ప్రెస్సుకు వెళ్లే ముందు నా దగ్గరికి పంపమన్నాను, డబ్బులేం వద్దని కూడా చెప్పాను. చుక్కలు మాత్రం మూడుకు మించి ఉండవు.